డేటా బుక్కులు ఉంచాలా, తూకానికి వేసేయాలా?

ఖమ్మం_రిపేర్స్
షాపు మారుస్తున్న. పాత షాపుల రెండు ఇనుప బీరువాల నిండా డేటా బుక్కులు (ట్రాన్సిస్టర్లు, ఐసీలు అంటే చిప్‌ల వివరాలు, కాళ్ళ బొమ్మలు ఉండే పుస్తకాలు), సర్వీస్ మాన్యువల్స్, మడతలు పెట్టిన టీవీ సర్క్యూట్ డయాగ్రమ్‌లు ఉన్నయి. కొన్ని మా గురువు ఇచ్చినవి, కొన్ని ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చినవి. కొత్త షాపు చిన్నది. ఒక్క బీరువాకే జాగా. మా దగ్గర పనిచేసే పిల్లగాడు "అన్నా, అన్నీ ఫోన్లనే ఉన్నయి గదా, తూకానికి వేసేద్దాం" అంటడు.

వేసేసేటోణ్ణే. కాని పోయిన వారం ఒక స్టెబిలైజర్ బోర్డుల రిలే (కరెంటుతో నడిచే స్విచ్చు) నడిపే ట్రాన్సిస్టర్ పోయింది, నంబరు 2222. పిల్లగాడు ఫోన్ల డేటాషీట్ (పార్టు వివరాలు కంపెనీ రాసిచ్చే కాగితం) చూసి కొత్తది కూర్చోబెట్టిండు. రిలే సరిగ్గ పట్టదు, సరిగ్గ వదలదు, గుర్రుమంటది. సగం రోజు బోర్డంతా మీటర్ పెట్టి తిరిగిండు. నేను కూసొని చూస్తే, ఫోన్ల తెరిచింది పీఎన్2222ఏ డేటాషీట్, చేతిల ఉన్న పార్టు పీ2ఎన్2222ఏ. చదును వైపు మనకు పెట్టుకుంటే మొదటిదానికి ఎడమ నుంచి మూడు కాళ్ళు ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండోదానికి కలెక్టర్, బేస్, ఎమిటర్. పేరుల ఒక్క 2 తేడా, కాళ్ళు ఉల్టా.

ఇప్పుడు చెప్పండి. పుస్తకాలు ఉంచుదునా, పోనిద్దునా?

జీరో_ఓమ్
పోనివ్వండి. తప్పు ఫోనుది కాదు, పార్టు మీద అచ్చు చదవని వాడిది. పుస్తకం ఇచ్చినా అదే తప్పు పేజీ తెరిచేవాడు.

ఎస్‌ఎంపీఎస్_శీను
అసలు ఆ రిలే సగం సగం ఎందుకు పనిచేసిందో కూడా ఆ కుర్రాడికి చెప్పండి, ఈసారి మర్చిపోడు. కలెక్టర్, ఎమిటర్ తారుమారు అయినా ట్రాన్సిస్టర్ పూర్తిగా చచ్చిపోదు, గెయిన్ (కరెంటుని పెంచే శక్తి) మాత్రం బాగా పడిపోతుంది. పైగా 2222ఏలో ఎమిటర్, బేస్ మధ్య రివర్స్‌లో 6 ఓల్టుల వరకే గ్యారంటీ. 12 ఓల్టుల రిలే కాయిల్ అటువైపు తగిలితే ఆ జంక్షన్ బ్రేక్‌డౌన్ అయి కరెంటు దొంగదారిన పోతుంది. అందుకే పట్టదు, వదలదు.

కోఠి_సోల్డర్
తూకం మాట ఎత్తకు అన్నా, నాకు పాత పగ ఉంది. ఒకసారి మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితం విప్పితే 7400 సిరీస్ ఐసీల టైమింగ్ డయాగ్రమ్. ఎవడో మహానుభావుడు అప్పటికే తూకానికి వేసేసిండు. నూనెల మునిగిన సెటప్ టైమ్ చదువుకుంట బజ్జీ తిన్న.

రేడియో_తాతయ్య
ఖమ్మం బాబూ, తొందరపడకు. జీరో ఓమ్ గారికి ఓ మాట చెప్పాలి.

నేను వాల్వుల (ట్రాన్సిస్టర్లకి ముందు వాడిన గాజు గొట్టాలు) రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. వాల్వుకి కాళ్ళు కింద నుంచి చూస్తూ, ఖాళీ ఉన్న చోటు నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుకి లెక్కపెట్టాలి. ఐసీకేమో పై నుంచి చూస్తూ ముల్లుకి ఎదురుగా. లోహపు టోపీ ట్రాన్సిస్టర్లకి మళ్ళీ కింద నుంచి చూపిస్తారు. పాత డేటా బుక్కుల్లో ఇవన్నీ ముందు పేజీల్లోనో వెనక పేజీల్లోనో ఒక్కచోట బొమ్మలు వేసి ఉండేవి. ఫలానా ట్రాన్సిస్టర్ ఎదురుగా అవుట్‌లైన్ (పార్టు ఆకారం) నంబరు ఉండేది, మనం ఆ నంబరు బొమ్మ దగ్గరికి వెళ్ళి, ఏ వైపు నుంచి చూస్తున్నామో చదివి, అప్పుడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేవాళ్ళం. రెండు పేజీలు తిప్పక తప్పదు కాబట్టి బుర్ర పనిచేసేది. ఇప్పుడు పిల్లలు సెర్చిలో వచ్చిన మొదటి బొమ్మ చూసి, అది ఎవరు గీశారో, ఏ వైపు నుంచి గీశారో చూడకుండా వేసేస్తున్నారు.

ఇంకోటి. పుస్తకంలో 7490 (పది దాకా లెక్కపెట్టే ఐసీ) కోసం వెళ్తే దారిలో 7493 కనబడేది. "ఓహో, పది దాకా కాదు, పదహారు దాకా లెక్కపెట్టేది కూడా ఉందన్నమాట" అని తెలిసేది. మన దేశీ నంబర్ల సంగతి సరేసరి. ఎస్‌ఎల్100, ఎస్‌కే100 ట్రాన్సిస్టర్లు, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి బీఈఎల్ నంబర్లు విదేశీ సైట్లలో వెతికి చూడు, ఎంత దొరుకుతుందో. నీ బీరువాలో ఆ పుస్తకాలుంటే మాత్రం తూకం కాటా దరిదాపుల్లోకి కూడా పోనివ్వకు.

జీరో_ఓమ్
తాతయ్య గారూ, గౌరవంతోనే అడుగుతున్నా. గత ఏడాది మీరు బాగుచేసిన వాటిలో 7490 ఎన్నిట్లో ఉంది?

రేడియో_తాతయ్య
ఒక్కదాంట్లోనూ లేదు. అయినా పుస్తకం ఇవ్వను.

బెజవాడ_బోర్డు
😀 తాతయ్య గారు ఫుల్ ఫామ్‌లో ఉన్నారు.

నాది ల్యాప్‌టాప్, మొబైల్ రిపేర్. మా లైనులో కాగితం గోల అసలు లేదండి. బోర్డ్‌వ్యూ అని ఉంటుంది, తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా: బోర్డు బొమ్మ కంప్యూటర్లో తెరిస్తే ఒక కెపాసిటర్ మీద క్లిక్ చేయగానే ఆ లైనుకి కలిసిన ప్రతి కాలూ వెలుగుతుంది, బోర్డు అవతలి వైపున్నవి కూడా. 3.3 ఓల్టుల లైన్ షార్ట్ అయిందనుకోండి, దాని మీద ఉన్న కెపాసిటర్లే వందకి పైగా ఉండొచ్చు. కాగితం మీద ఏది ఎక్కడుందో స్కేలు పెట్టి వెతుక్కుంటూ కూర్చుంటే కస్టమర్ కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని వెళ్ళిపోతాడు.

ఇక పుస్తకాల సంగతి. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు మా షాపు సింగ్‌నగర్ లోనే. నీళ్ళు దిగాక లోపలికెళ్తే సర్వీస్ మాన్యువల్స్ అన్నీ ఉబ్బిపోయి, ఒక పేజీకి ఇంకో పేజీ అతుక్కుపోయి, తెరిస్తే బురద. ల్యాప్‌టాప్ కూడా పోయిందనుకోండి. కానీ ఫైళ్ళన్నీ ఆన్‌లైన్ డ్రైవ్‌లో ఉన్నాయి, పాత ఫోన్లో తెరుచుకుని పని మొదలెట్టా. అప్పట్నుంచీ నాకు కాగితం మీద మమకారం పోయింది.

కోఠి_సోల్డర్
బెజవాడ అన్నా, వరదల కరెంటే లేదు, నెట్టు లేదు, డ్రైవ్ ఎట్ల తెరిచినవ్?

బెజవాడ_బోర్డు
కరెంటు వచ్చాకే కదా ఐరన్ వేడెక్కేది. కరెంటు లేనప్పుడు డేటా బుక్కు పెట్టుకుని ఏం చేస్తాం, విసురుకుంటామా?

కోఠి_సోల్డర్
గది నిజమే. ఓడిన.

గేటు_పాస్
మా ఫ్యాక్టరీలో ఫోను గేటు దగ్గరే పెట్టి లోపలికి వెళ్ళాలి. పెన్‌డ్రైవ్ మాట ఎత్తితే సెక్యూరిటీ వాళ్ళు తినేస్తారు. నెట్టు ఉన్న కంప్యూటరు ఇంకో బిల్డింగులో. అందరికీ టాబ్లెట్ ఉంటుందని, అందరికీ డ్రైవ్ ఉంటుందని అనుకోకండి. మాకు స్పైరల్ బైండింగే దేవుడు.

క్వాలిటీ_సుజాత
గేటు పాస్ గారు చెప్పిన చోట్లనే నాలాంటి వాళ్ళతో గొడవ మొదలవుతుంది.

నేను కుషాయిగూడ వైపు ఒక చిన్న అసెంబ్లీ యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. ఐఎస్‌ఓ 9001 (నాణ్యత ప్రమాణం) ఉన్న ఏ కంపెనీలోనైనా డాక్యుమెంటు కింద ఒక లైను చూసే ఉంటారు: ప్రింటు తీస్తే ఇది అన్‌కంట్రోల్డ్ కాపీ అని. చాలామంది అదేదో అలంకారం అనుకుంటారు. దాని అర్థం చాలా సూటిగా ఉంటుంది. సర్వర్‌లో రివిజన్ (వెర్షన్) మారితే మీ చేతిలో కాగితం తనంతట తాను మారదు, దానికి బాధ్యత మాది కాదు అని.

ఆడిట్ ముందు నేను చేసే మొదటి పని లైన్ మీద తిరుగుతూ, మెషీన్లకీ, టేబుల్ డ్రాయర్ల లోపలి వైపుకీ సెలోటేపుతో అంటించిన కాగితాలు పీకడం. ఒకసారి ఒక టెస్ట్ జిగ్ (బోర్డు పెట్టి పరీక్షించే చట్రం) పక్కన రివిజన్ సి సర్క్యూట్ దొరికింది, నడుస్తున్నది ఇ. దాని మీద ఎవరో పెన్నుతో ఒక రెసిస్టర్ విలువ 10కె కొట్టేసి 12కె రాశారు. ఎవరు రాశారు, ఎప్పుడు, ఎందుకు? సంతకం లేదు, తేదీ లేదు. అడిగితే అందరూ "మేం వచ్చేసరికే అలా ఉంది మేడం" అన్నారు.

అలాగని కాగితం వద్దని కాదు. చేతికి గ్లౌజు, మణికట్టుకి స్ట్రాప్ ఉన్న అమ్మాయి ప్రతి స్టెప్పుకీ స్క్రీన్ ముట్టుకోలేదు. అందుకే లైన్ మీద కాగితమే ఉంటుంది. మేమిచ్చిన కాగితం, నంబరు వేసి, ముద్ర కొట్టి. కొత్తది ఇచ్చేటప్పుడు పాతది వెనక్కి తీసుకుంటాం. ఒకటి తగ్గినా కొత్తది ఇవ్వం.

రేడియో_తాతయ్య
సుజాతమ్మా, నువ్వు పీకి పారేసిన ఆ 12కె కాగితమే ఆ ఫ్యాక్టరీలో అసలైన డాక్యుమెంటు అయ్యుండొచ్చు. 10కె పెడితే ఏదో తేడా వచ్చి, ఎవరో పాపం చెమటోడ్చి కనుక్కుని రాసుకున్నారు. నా పుస్తకాల మార్జిన్లన్నీ అలాంటి రాతలే. "ఇక్కడ వేడి ఎక్కువ, 1 వాట్ వేయి", "ఈ పిన్ నేలకి కట్టకపోతే ఊగుతుంది" లాంటివి. కంపెనీ వాడు ఇవి అచ్చు వేస్తాడా?

క్వాలిటీ_సుజాత
రాసుకోండి బాబాయ్ గారూ, ఎవరొద్దన్నారు. పక్కన పొట్టి సంతకం, తేదీ. అంతే అడుగుతున్నా. ఆ 12కె సంగతి మా ఆర్ అండ్ డీ వాళ్ళకి చెప్పాను, పరీక్షించి నిజమేనని తర్వాతి రివిజన్‌లో వేశారు. కాగితం మీదే ఉండిపోయి ఉంటే ఆ ఒక్క జిగ్ దగ్గరున్న వాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

పీసీబీ_పద్మ
డిజైన్ వైపు నుంచి నా మాట. డేటాషీట్ ప్రింటు తీసి ఏళ్ళయింది, కానీ బోర్డు లేఅవుట్ మాత్రం ప్రింటు తీయకుండా ఫ్యాబ్‌కి (బోర్డు తయారుచేసే చోటుకి) పంపను.

100 శాతం సైజులో ప్రింటు తీసి, కొన్న కనెక్టర్లు, పెద్ద కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఆ కాగితం మీద పెట్టి చూస్తాను. కనెక్టర్ కాళ్ళు కాగితంలోకి గుచ్చుతాను. సరిగ్గా రంధ్రం గుర్తుల్లో దిగితే సరే. స్క్రీన్ మీద ఎంత జూమ్ చేసినా కనబడని తప్పులు ఇక్కడ దొరుకుతాయి: పక్కపక్క రెండు కనెక్టర్ల ప్లగ్గులు ఢీకొనడం, స్క్రూ తల కెపాసిటర్‌కి తగలడం, ఫుట్‌ప్రింట్ (పార్టు కాళ్ళు కూర్చునే గుర్తులు) అద్దంలో బొమ్మలా తిరగబడటం.

ప్రింటర్ సెట్టింగ్‌లో ఫిట్ టు పేజీ ఉంటే మొత్తం కథ తప్పు. నేను లేఅవుట్ మూలన సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి గీసి పెడతాను. ప్రింటు రాగానే స్కేలు పెట్టి ముందు ఆ గీత కొలుస్తాను. 9.6 వస్తే ఆ కాగితం చెత్తబుట్టకే.

ఎస్‌ఎంపీఎస్_శీను
పద్మ గారిది మంచి అలవాటు. నేను కాగితం పక్షమే, కానీ మా షాపులో గోడకి అంటించిన కాగితం చేసే చెడు ఒకటి చెప్తా.

ఎల్‌ఎమ్317 (ఓల్టేజీని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ ఐసీ) సర్క్యూట్ తెలియని వాళ్ళు ఈ చర్చలో లేరు. ఆ బొమ్మలో పై రెసిస్టర్ 240 ఓమ్స్. అందరూ అదే వేస్తారు, ఎందుకంటే ప్రింటు తీసిన పేజీ మీద అదే ఉంది. తర్వాతి పేజీలో టేబుల్ ఎవరూ ప్రింటు తీయరు. అందులో మినిమమ్ లోడ్ కరెంట్ (ఐసీ సరిగ్గా పనిచేయడానికి కనీసం లాగాల్సిన కరెంటు) అని ఒక వరుస ఉంటుంది. అదే కుటుంబంలోని ఎల్‌ఎమ్117కి గరిష్ఠం 5 మిల్లీ ఆంపియర్లు, ఎల్‌ఎమ్317కి 10. ఇప్పుడు 1.25 ఓల్టులని 240తో భాగించండి: 5.2 మిల్లీ ఆంపియర్లు. అంటే 117కి చాలింది, 317కి గ్యారంటీ లేదు. చాలా పీసులు 3.5కే సర్దుకుంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఒక పీసు తగులుతుంది, లోడ్ తీసేయగానే అవుట్‌పుట్ మెల్లగా పైకి పాకుతుంది. 120 వేసి, కింద రెసిస్టర్ కూడా సగం చేస్తే ఆ బాధ లేదు.

ఆ గోడ మీద బొమ్మ తప్పు కాదు. సగం మాత్రమే. ప్రింటు తీసేవాడు తనకి కావాలనుకున్న పేజీయే తీస్తాడు, అక్కడే చిక్కు.

డిప్లొమా_చింటూ
నేను డిప్లొమా ఈసీఈ. ఇంతకీ డేటాషీట్‌లో ముందు ఏ పేజీ చూడాలండి? మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు, పిన్ డయాగ్రమ్ బట్టీ పట్టమన్నారు.

జీరో_ఓమ్
చింటూ, మొదటి పేజీని నమ్మకు. అది అమ్ముకునే పేజీ. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (స్విచ్చులా వాడే ట్రాన్సిస్టర్) తీసుకో, పైన పెద్ద అక్షరాలతో 49 ఆంప్స్ అని ఉంటుంది. అది కేసు ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. 100 డిగ్రీలకి అదే టేబుల్లో 35. మన ఎండాకాలంలో, చిన్న హీట్‌సింక్ మీద, కేసు 25 దగ్గర ఉంటుందా? ఆన్ అయినప్పటి రెసిస్టెన్స్ అని రాసే 17.5 మిల్లీ ఓమ్స్ కూడా గేటుకి 10 ఓల్టులు ఇచ్చినప్పటి మాట, 5 ఓల్టుల మైక్రోకంట్రోలర్ కాలు నేరుగా కడితే కాదు. ప్రతి అంకె పక్కనా ఏ పరిస్థితుల్లో కొలిచారో రాసి ఉన్న గడి చదవడం ముందు నేర్చుకో.

ఎస్‌ఎంపీఎస్_శీను
దానికి తోడు టిపికల్ కాలమ్ చూసి డిజైన్ చేయకు. మినిమమ్, మాక్సిమమ్ చూడు. అబ్సల్యూట్ మాక్సిమమ్ అన్నది అక్కడిదాకా వెళ్ళమని కాదు, దాటితే పోతుందని.

డిప్లొమా_చింటూ
మరి నేను ప్రింటు తీయించుకోవాలా, ఫోన్లో చూడాలా?

రేడియో_తాతయ్య
ఒక్కదాన్నయినా ప్రింటు తీయించి, పెన్సిల్ పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చదువు నాయనా. బీసీ547 ట్రాన్సిస్టర్‌ది చాలు.

జీరో_ఓమ్
ఇదొక్కటి తాతయ్య గారితో ఏకీభవిస్తా.

కోఠి_సోల్డర్
తారీఖు రాసి పెట్టుకోండి అందరూ.

డల్లాస్_ఓల్టు
ఇక్కడ మా ఆఫీసులో ప్రింటు అనే మాటే లేదు. పెద్ద చిప్ కంపెనీల డాక్యుమెంట్లు ఎన్‌డీఏ (రహస్యంగా ఉంచుతామనే ఒప్పందం) కింద వస్తాయి, తెరిచిన ప్రతి పేజీ మీదా అడ్డంగా నా పేరు, మెయిల్ ఐడీ వాటర్‌మార్క్. ప్రింటు బటన్ పనిచేయదు.

మైక్రోకంట్రోలర్ల వైపు పనిచేసేవాళ్ళకి ఒక మాట. ఎస్‌టీఎమ్32ఎఫ్103 చిప్ రిఫరెన్స్ మాన్యువల్ ఆర్‌ఎం0008 ఒక్కటే 1,100 పేజీలు దాటుతుంది. అది కాక డేటాషీట్ వేరు, ఎర్రాటా (చిప్‌లో బయటపడ్డ తప్పుల జాబితా) వేరు. అసలు చదవాల్సింది ఆ చివరిది. ఆ చిప్‌లో ఐ2సీ (చిప్‌లు మాట్లాడుకునే లైను) బిజీ ఫ్లాగ్ ఊరికే ఇరుక్కుపోయే సంగతి మాన్యువల్లో వెతికితే దొరకదు, ఎర్రాటాలో దాన్నుంచి బయటపడే దారితో సహా రాసి ఉంది. మాన్యువల్ బైండు చేయించి బల్ల మీద పెట్టుకున్నవాడు ఎర్రాటా కోసం నెట్టుకి వెళ్ళడు. నా చేతి కింద పనిచేసిన మంచి ఇంజినీర్లు కూడా తమ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ రాత్రుళ్ళు కూర్చున్నారు, తప్పు సిలికాన్‌లో ఉంటే.

పీసీబీ_పద్మ
+1. నేను ఏ ఐసీ వాడినా ముందు ఎర్రాటా దించుకుంటా.

ఖమ్మం_రిపేర్స్
ఇన్ని వస్తయనుకోలే. సుజాతక్క, పద్మక్క చెప్పినవి మా పిల్లగానికి చదివి వినిపించిన. ఒక ప్రశ్న. నెట్టుల దొరికే పాత స్కాన్‌లు ఎంతవరకు నమ్మొచ్చు? పుస్తకం పారేసి స్కాన్ ఉంచుకుంటే సరిపోతదా? మా దగ్గర పాత జిరాక్స్‌లల్ల పాయింట్లే కనబడవు.

ఎస్‌ఎంపీఎస్_శీను
పాయింట్లు మాయమవడం అనాది రోగం. 4.7కె జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే 47కె. సర్క్యూట్లలో 4కె7 అని, 2ఆర్2 అని రాస్తారు చూశారా, చుక్క పోయినా అక్షరం పోదనే ధీమా. ఐఈసీ 60062 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న పద్ధతే. నేను చేత్తో రాసుకున్నా అలానే రాస్తా.

డల్లాస్_ఓల్టు
చుక్క పోతే అనుమానమైనా వస్తుంది. అంకె మారిపోతే? 2013 ఆగస్టులో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త జిరాక్స్ వర్క్‌సెంటర్ మెషీన్లో ఒక ఇంటి ప్లాను స్కాన్ చేశాడు. మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42. స్కాన్‌లో మూడిట్లోనూ 14.13 వచ్చింది, స్పష్టంగా, మసక లేకుండా. కారణం జేబిగ్2 కంప్రెషన్: ఒకేలా కనిపించిన ముక్కలని ఒకసారే దాచి, అన్నిచోట్లా అదే అతికిస్తుంది. వేరే పత్రాల్లో 6లు 8లు అయ్యాయి. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసిందనుకోండి. అందుకే పాత స్కాన్‌లో ముఖ్యమైన అంకె కనిపిస్తే నేను ఇంకోచోట సరిచూడకుండా వాడను.

కోఠి_సోల్డర్
అంటే 68కె అని చూసి 68కె వేసినా అది 66కె కావొచ్చా? 😳

డల్లాస్_ఓల్టు
66కె అనే స్టాండర్డ్ విలువ లేదు కాబట్టి బతికిపోయావు. కెపాసిటర్ ఓల్టేజీ దగ్గరో, పిన్ నంబరు దగ్గరో వస్తే చెప్పు.

బెజవాడ_బోర్డు
మా ఎస్‌ఎమ్‌డీ (బోర్డు పైనే అతికే చిన్న పార్టులు) మార్కింగుల సంగతి ఎవరూ ఎత్తలేదే? చిన్న మూడు కాళ్ళ పార్టు మీద జే3వై అని ఉంటే ఎస్8050, 2టీవై అంటే ఎస్8550, 1ఏఎమ్ అంటే 3904. ఈ కోడ్‌ల పుస్తకం ఒకటి ప్రింటు తీసుకున్నాను, ఏడాది తిరిగేసరికి సగం కొత్త చైనా కోడ్‌లు అందులో లేవు. పైగా ఒకే కోడ్‌ని ఇద్దరు ముగ్గురు తయారీదారులు వేర్వేరు పార్టులకి వాడతారు, పుస్తకంలో ఒక్కటే ఉంటుంది. డేటాషీట్ మొత్తం చైనీస్‌లో ఉంటే ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చూసుకుంటా. పుస్తకానికి కెమెరా లేదు కదా తాతయ్య గారూ.

రేడియో_తాతయ్య
నాకు ఆ పార్టే కనబడదు, దాని మీద అక్షరం సంగతి తర్వాత.

జీరో_ఓమ్
నన్ను డిజిటల్ పిచ్చోడు అనుకుంటున్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఉంది కదా అని లింకు దాచుకునేవాణ్ణి నేను కూడా సమర్థించను. నేషనల్ సెమీకండక్టర్‌ని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2011లో కొనేసింది. ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ 2015లో ఇన్ఫినియన్‌కి పోయింది. ఫెయిర్‌చైల్డ్ 2016లో ఆన్ సెమీకి, అదే ఏడాది ఆట్మెల్ మైక్రోచిప్‌కి, లీనియర్ టెక్నాలజీ 2017లో అనలాగ్ డివైసెస్‌కి. ప్రతిసారీ వెబ్‌సైట్లు మారాయి, పాత లింకులు చచ్చాయి, ఆపేసిన పార్టుల డాక్యుమెంట్లు కొన్ని మాయమయ్యాయి. కాబట్టి ఫైలు దించి మన దగ్గర పెట్టుకోవాలి, తయారీదారు సైట్ నుంచే. ప్రకటనలు నింపిన డేటాషీట్ సైట్లో మన పార్టు పేరు కొడితే ఇంకో కంపెనీ వాడిది తెరుచుకుంటుంది. ఖమ్మం గారి కుర్రాడికి అదే జరిగి ఉంటుంది.

ఫైలు పేరు నేనెలా పెడతానంటే: పార్టు, తయారీదారు, రివిజన్, దించిన నెల. "డౌన్‌లోడ్ 14" అని కాదు. రెండు చోట్ల కాపీ.

కోఠి_సోల్డర్
అంటే నీది కూడా బీరువానే. కాకపోతే చెదలు పట్టవు.

జీరో_ఓమ్
హార్డ్ డిస్క్ పోతే చెదలే నయం అనిపిస్తుంది. అందుకే రెండు అన్నా.

గేటు_పాస్
బెంచి మీద పెట్టుకునే కాగితం గురించి ఒక చిన్న సంగతి. ఇంక్‌జెట్ ప్రింటు మీద ఫ్లక్స్ కడిగే ద్రవం ఒక్క చుక్క పడిందంటే పిన్ నంబర్లు నీలం మరకైపోతాయి. లేజర్ ప్రింటు కొంచెం ఆగుతుంది, థిన్నరో అసిటోనో పడితే అదీ పోతుంది. లామినేషన్ చేయిస్తే బాగుంటుందని చేయించాం, తర్వాత ఈఎస్‌డీ (స్టాటిక్ విద్యుత్తు) ఆడిట్‌లో ఆ ప్లాస్టిక్ షీట్లు సున్నితమైన పార్టుల దగ్గర ఉండకూడదని తీయించారు. స్టాటిక్ పుట్టిస్తుందట.

క్వాలిటీ_సుజాత
పుట్టిస్తుందట కాదు, పుట్టిస్తుంది. ఫీల్డ్ మీటర్ పెట్టి చూడండి. స్టాటిక్ పట్టని డాక్యుమెంట్ కవర్లు వేరే ఉంటాయి, ధర ఎక్కువే. టీవీ, స్టెబిలైజర్ రిపేర్ షాపుకి లామినేషన్ పర్వాలేదు, విప్పిన మాస్‌ఫెట్లు, ఐసీలు మాత్రం దాని మీద పరచకండి.

ఎస్‌ఎంపీఎస్_శీను
రంగు గ్రాఫులని నలుపు తెలుపులో ప్రింటు తీయడం ఇంకో గొప్ప పని. నాలుగు ఉష్ణోగ్రతలకి నాలుగు గీతలు, అన్నీ బూడిద రంగే. మధ్యాహ్నమంతా ఏది 25, ఏది 125 అని వాదన. జిరాక్స్ షాపు వాడు రంగు ప్రింటుకి పది రూపాయలు అడిగాడని మిగిల్చుకున్న డబ్బు అది.

ఖమ్మం_రిపేర్స్
సరే, ఇట్ల చేస్త అనుకుంటున్న. టీవీల పెద్ద మడత డయాగ్రమ్‌లు, ఎందుకంటే ఫోన్ల ఒక మూల చూస్తే ఇంకో మూల కనబడదు, పవర్ సెక్షన్ నుంచి డిఫ్లెక్షన్ దాకా ఒక్క చూపుల చూడాలంటే టేబుల్ మీద పరవాల్సిందే. అవి ఉంటయి. నా చేతిరాత ఉన్న సర్వీస్ మాన్యువల్స్ ఉంటయి. 7805, 7905, 317 రెగ్యులేటర్లు మూడింటి కాళ్ళు ఒక్క ఏ4 మీద నేనే గీసి బల్ల దగ్గర పెడ్త. ట్యాబ్ (వెనక లోహపు రేకు) దేనికి కలిసిందో కూడా రాస్త: 7805కి గ్రౌండ్, 7905కి ఇన్‌పుట్, 317కి అవుట్‌పుట్. మా పిల్లగాడు మూడింటినీ ఒకే హీట్‌సింక్‌కి బిగించకముందే.

కొత్త బోర్డులన్నిటికి పాత టాబ్లెట్ ఒకటి కొని బల్లకి బిగిస్త. అంతర్జాతీయ ట్రాన్సిస్టర్ సబ్‌స్టిట్యూట్ బుక్కులు (ఒకదాని బదులు ఏది వేయొచ్చో చెప్పేటివి) మూడు నాలుగు కాపీలున్నయి, ఒకటి ఉంచి మిగతావి ఇచ్చేస్త. ఎవరికన్న కావాల్నా?

రేడియో_తాతయ్య
బీఈఎల్ పుస్తకం ఉందా లేదా, అది చెప్పు ముందు.

ఖమ్మం_రిపేర్స్
ఉంది తాతయ్యా. అట్ట లేదు, లోపల పేజీలు పసుపు అయినయి కాని అన్నీ ఉన్నయి. మీకు ఇస్త, కాని ఒకసారి స్కాన్ చేసి అందరికి పెడ్త.

డల్లాస్_ఓల్టు
స్కాన్ చేస్తే 600 డీపీఐ, గ్రేస్కేల్‌లో. కేవలం నలుపు తెలుపు మోడ్ వద్దు, పసుపు పేజీల మీద సన్న గీతలు ఎగిరిపోతాయి. చిన్న ఫైలు చేయాలని కంప్రెషన్ జోలికి వెళ్ళొద్దు. అక్షరాలు గుర్తించే పొర తర్వాత నేను వేసి పంపిస్తా, సెర్చి పనిచేస్తుంది.

పీసీబీ_పద్మ
గ్రాఫుల పేజీలు చదునుగా నొక్కి తీయండి. కుట్టు దగ్గర పేజీ వంగితే లాగ్ స్కేలు మీద చదివిన విలువ తప్పొస్తుంది. నొక్కడానికి గాజు పలక పెట్టుకోండి.

కోఠి_సోల్డర్
మిగిలిన సబ్‌స్టిట్యూట్ బుక్కుల్ల ఒకటి నాకు. ఆదివారం ఖమ్మం దిక్కు పెళ్ళి ఉంది, షాపుకొచ్చి తీస్కపోత. గాజు పలక కూడా తెస్త, పాత ఫోటో స్టేట్ మెషీన్ది ఒకటి పడి ఉంది.